రైలు మన కాడ ఆగాలె
(గుమ్మడిదలలో చదువుల కేంద్రంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



పోయిన వారం మనం రైలు టికెట్టు చదవడం నేర్చుకున్నాం. అప్పుడు వెనుక వరుసలోంచి ఒక అక్క లేచి అడిగింది. "సారూ, టికెట్టు చదువుడు వచ్చింది. మరి రైలేది?" అని. అందరం నవ్వినం. ఇంటికి పోయినా ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ పూట రైలు సంగతి మాట్లాడతాను.

మన ఊరి మీదుగా హైదరాబాదు నుండి మెదక్ పోయే పెద్ద రోడ్డు ఉంది. బస్సులు, లారీలు, ఆటోలు, కంపెనీ బండ్లు అన్నీ ఆ రోడ్డు మీదనే. రైలు పట్టా మాత్రం లేదు. మన జిల్లా కేంద్రం సంగారెడ్డికే రైలు స్టేషను లేదు. జిల్లాలో ఆ చివర జహీరాబాదుకు ఉంది. మనకు దగ్గరి స్టేషను తూర్పు దిక్కున మేడ్చల్. అది పక్క జిల్లా.

మేడ్చల్ మీదుగా పోయే లైను నిజాం కాలం నాటిది. నూరేళ్లు దాటింది. మొదట అది చిన్న పట్టా, తర్వాత పెద్ద పట్టాగా మార్చారు. కామారెడ్డి, నిజామాబాదు, బాసర మీదుగా మహారాష్ట్రకు పోతుంది. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాదు నుండి మేడ్చల్ దాకా ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలైనవి. లింగంపల్లికి ఆ రైలు 2003లోనే వచ్చింది. మేడ్చల్‌కు రావడానికి ఇంకో 20 ఏళ్లు పట్టింది.

ఆ లైనుకు ఈ మధ్య రెండు కొమ్మలు పుట్టినవి. ఒకటి అక్కన్నపేట నుండి మెదక్‌కు. దాని పొడవు 17 కిలోమీటర్లే. 2022 సెప్టెంబరులో మెదక్‌కు మొదటి ప్రయాణికుల రైలు వచ్చింది. మెదక్ చర్చి కట్టింది 1924లో. ఆ చర్చి చూడడానికి ఏటేటా ఎంతమంది వస్తారు! అయినా రైలు వచ్చేసరికి చర్చికి నూరేళ్లు నిండవచ్చినయి. రెండో కొమ్మ మనోహరాబాద్ నుండి గజ్వేల్ మీదుగా సిద్దిపేటకు. సిద్దిపేట రైలు 2023 అక్టోబరు 3న మొదలైంది. ఆ లైను ఇంకా ముందుకు, కరీంనగర్ దగ్గరి కొత్తపల్లి దాకా పోవాలి.

"ఆడోళ్లకు బస్సు ఉచితమే గదా, ఇంక రైలెందుకు?" అని మీలో ఒకరు అడుగుతారని నాకు తెలుసు. నిజమే. 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. మంచిదే. కాని బస్సులో నిలబడే చోటు దొరుకుతుందా? గండిమైసమ్మ చౌరస్తా కాడ, బాలానగర్ కాడ బస్సు ఎంతసేపు ఆగుతుంది? మా పక్కింటి చెల్లె కంపెనీలో షిఫ్టు పని చేస్తుంది. ఒకనాడు ఆలస్యమైతే సగం పూట కూలి కోసినారు. బస్సు ఉచితమే, ఆ ఆలస్యం మాత్రం ఉచితం కాదు. మగవాళ్లకు బస్సు టికెట్టు ఉండనే ఉంది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. పలకలు తీయండి.

2020లో కరోనా వచ్చింది. రైళ్లు ఆగినవి. మళ్లీ నడిపినప్పుడు మామూలు ప్యాసింజరు రైళ్లకు ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. రైలు అదే, పట్టా అదే, ఆగే స్టేషన్లు చాలావరకు అవే. కాని తక్కువలో తక్కువ టికెట్టు 10 రూపాయలు ఉండేది 30 అయింది. నెలకు నాలుగుసార్లు అంగడికి పోయి వచ్చే మనిషికి ఎనిమిది టికెట్లు. పదేసి చొప్పున 80 రూపాయలు. ముప్పయేసి చొప్పున 240. తేడా 160 రూపాయలు. ఒక్క పేరు మారితే పేదవాడి జేబులోంచి ఇంత పోయింది. జనం అడిగారు, ప్రయాణికుల సంఘాలు అడిగినవి. 2024 ఫిబ్రవరిలో ప్యాసింజరు రైళ్లకు మళ్లీ పాత ధర పెట్టారు. అందుకే టికెట్టు మీద రైలు పేరు, ధర రెండూ చదవండి అంటున్నాను.

ఇక చూసి వచ్చే దారుల సంగతి. మన ఊరు దాటి నల్లవల్లి దిక్కు పోతే నర్సాపూర్ అడవి వస్తుంది. ఆదివారం వస్తే పట్నం వాళ్ల కార్లు రోడ్డు పొడుగునా నిలబడతాయి. చెట్లు చూస్తారు, కోతులకు అరటిపండ్లు వేస్తారు, పోతారు. (కోతులకు తిండి వేయవద్దని బోర్డులు ఉన్నవి. చదువు వచ్చినవాళ్లే వేస్తారు!) "ఇట్ల మనకు కూడా అరకు లెక్క రైలు వస్తే ఎట్లుంటది?" అని ఒక తమ్ముడు అన్నాడు.

నేను అరకు రైలు ఎక్కాను. విశాఖపట్నంలో పొద్దున్నే బయలుదేరింది. కొండలెక్కుతూ పోతుంది. అరకు దాకా 58 సొరంగాలు, 84 వంతెనలు. సొరంగంలో చీకటి పడగానే పిల్లలు కేకలు వేస్తారు. బయటికి రాగానే లోయ. ఆ లైను చూడవచ్చేవాళ్ల కోసం వేసింది కాదు. 1960లలో బైలదిల్లా ఇనుప రాయిని ఓడరేవుకు తెచ్చి జపాన్‌కు పంపడానికి వేశారు. 2017లో ఆ రైలుకు ఒక అద్దాల డబ్బా తగిలించారు. పైకప్పుకూ అద్దాలే. దాని టికెట్టు మామూలు టికెట్టుకు చాలా రెట్లు.

నేను ఎక్కింది జనరల్ డబ్బా. ఒక చిన్న స్టేషనులో గిరిజన ఆడవాళ్లు సీతాఫలాల గంపలతో ఎక్కారు. రెండు స్టేషన్లు దాటి దిగారు. అద్దాల డబ్బావాళ్లకు ఆ రైలు వేడుక. గంపల వాళ్లకు అంగడి. ఒకే ఇంజను ఇద్దరినీ లాగుతుంది. నాకు నచ్చింది అది. అద్దాల డబ్బా ఒక్కటే పోయి, చిన్న స్టేషన్లలో ఆగకపోతే ఆ గంపలు ఎక్కడికి పోవాలి?

మనకు రైలు వచ్చినా అట్లనే రావాలి. కాని కొత్త పట్టా అంత సులువు కాదు. రైలు పట్టా వస్తే కొందరి పట్టా భూమి పోతుంది. నర్సాపూర్ దిక్కు ప్రాంతీయ రింగు రోడ్డుకు భూములు కొలిచినప్పుడు రైతులు ఎంత ఆందోళన పడ్డారో మీరు చూశారు. 2023లో ఆ రోడ్డు వెంట రింగు రైలుకు కూడా సర్వే చేయిస్తామని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. సర్వే అంటే రైలు కాదు. మెదక్ వాళ్లను అడగండి. ఇంకో మాట. అడవి నడిమి నుండి పట్టా వేస్తే ఇక చూడడానికి ఏం మిగులుతుంది? వేస్తే రోడ్డు పక్కనే వేయాలని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోతే చెప్పండి.

అది వచ్చేనాటికి వస్తుంది. ఇప్పుడు ఉన్న పట్టా మేడ్చల్‌ది. మనకు కావలసింది అక్కడికి చేర్చే బస్సు. అందుకని ఒక దరఖాస్తు రాసుకొచ్చాను. అర్జీ పెట్టడం మనకు కొత్త కాదు. 2025లో ప్యారానగర్ డంపు యార్డు వద్దని మన మండలం వాళ్లు ఎన్నిసార్లు కాగితాలు ఇచ్చారో మీకు ఎరుకే. చదువుతాను, వినండి.

"అయ్యా! మేడ్చల్‌లో పొద్దున, సాయంత్రం రైలు వేళలకు అందేటట్టు గుమ్మడిదల నుండి బస్సు నడపండి. రాత్రి షిఫ్టు దిగేవాళ్లకు ఒక బస్సు ఉంచండి. మేడ్చల్ రైళ్లు కొన్నిటిని మనోహరాబాద్ దాకా నడపమని రైల్వే వారికి కూడా రాస్తున్నాము."

మూడు ముక్కలే. ఇంకేమన్నా కలపాలంటే ఇప్పుడే చెప్పండి. కాగితం బల్ల మీద పెడుతున్నాను. వేలిముద్ర డబ్బా తేలేదు. సంతకం పెట్టే ముందు ఒకసారి మీరే చదవండి. పోయిన వారం రైలేది అని అడిగిన అక్కా, నువ్వు ముందు రా.