మీ ఊరి పనిని దరఖాస్తులో దాచకండి



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీకు న్యాయం గురించి, రాజ్యాంగం గురించి మీ గురువులు ఐదేళ్ళపాటు చెప్పారు. ఈ అరగంటలో వాటికి నేను కలపగలిగింది ఏమీ లేదు. నేను లండన్‌లో సొలిసిటర్‌ని. మా దగ్గర చేరదలచిన ట్రైనీల దరఖాస్తులు చదవడం, వాళ్ళను ఇంటర్వ్యూ చేయడం నా పనిలో భాగం. నిన్న సాయంత్రం హాస్టల్ దగ్గర మీలో చాలామంది నన్ను అడిగింది కూడా దాని గురించే. అందుకని ఆ ఒక్క విషయమే మాట్లాడతాను.

ఇంగ్లండు చదువు అనగానే మన ఇళ్ళలో బారిస్టర్ మాట వస్తుంది. గాంధీగారు బారిస్టరు, టంగుటూరి ప్రకాశం పంతులుగారు బారిస్టరు. కోర్టులో నిలబడి వాదించడం బారిస్టర్ల ప్రధానమైన పని. సొలిసిటర్ పని వేరు. ఒప్పందం రాసేది, కంపెనీ కొనుగోలుకు ముందు కాగితాలు పరిశీలించేది, దావా సిద్ధం చేసేది, రాత్రి పదకొండు గంటలకు క్లయింటు ఫోను ఎత్తేది సొలిసిటరే. మన దగ్గర ఈ రెండు పనులూ అడ్వకేటే చేస్తారు కాబట్టి తేడా వెంటనే తట్టదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో సొలిసిటర్ కావాలంటే డిగ్రీ ఉండాలి, 2021లో మొదలైన ఎస్‌క్యూఈ పరీక్ష రెండు భాగాలూ పాసవ్వాలి, రెండేళ్ళ పని అనుభవం చూపాలి, నడవడి మీద మచ్చ ఉండకూడదు. పరీక్ష మొదటి భాగంలో 360 ప్రశ్నలు. రెండో భాగంలో క్లయింటుతో మాట్లాడటం, వాదించడం, ఉత్తరం రాయడం, దస్తావేజు రాయడం లాంటి పనులు 16 చేసి చూపించాలి. ఆరేళ్ళలో మూడుసార్లు మాత్రమే రాయనిస్తారు. 2021 నవంబరులో జరిగిన మొట్టమొదటి పరీక్షలో పాసైనవారు 53 శాతం.

ఆ రెండేళ్ళ అనుభవాన్ని ఒకే సంస్థలో, జీతమిచ్చి, పద్ధతిగా నేర్పించేదే ట్రైనింగ్ కాంట్రాక్ట్. మామూలుగా ఆర్నెల్లకు ఒక విభాగం చొప్పున నాలుగు విభాగాలు తిప్పుతారు. వాటిని సీట్లు అంటారు. పెద్ద సంస్థలు పరీక్ష ఫీజు, కోచింగ్ ఖర్చు కూడా భరిస్తాయి. శిక్షణ ముగించిన కొత్త సొలిసిటర్‌కు లండన్‌లోని అతిపెద్ద సంస్థలు 2024 నుంచి ఏడాదికి 1,50,000 పౌండ్ల జీతం ఇస్తున్నాయి. ఆ అంకె వినగానే మీలో కొందరి కళ్ళు పెద్దవయ్యాయి. అక్కడి విద్యార్థులకూ అంతే అవుతాయి, అందుకే ఈ పోటీ. అయితే ఊళ్ళలో ఇళ్ళ అమ్మకాలు, విడాకులు, వీలునామాలు చూసుకునే చిన్న సంస్థల జీతాలు దీనికి దరిదాపుల్లో ఉండవు. వీసా స్పాన్సర్ చేసేవి కూడా అన్నీ కావు. స్పాన్సర్ లైసెన్సు ఉన్న సంస్థల జాబితాను బ్రిటన్ ప్రభుత్వమే ప్రచురిస్తుంది. దరఖాస్తు నింపేముందు చూసుకోవలసింది అది.

అన్నిటికన్నా ముందు మీ అమ్మానాన్నలు వినవలసిన మాట ఒకటుంది. పెద్ద సంస్థలు ట్రైనీలను చాలావరకు రెండేళ్ళ ముందే ఎంచుకుంటాయి. దరఖాస్తులు సెప్టెంబరు, అక్టోబరుల్లో మొదలవుతాయి. వెకేషన్ స్కీమ్ అని సెలవుల్లో కొన్ని వారాలు పిలిచి పని చేయించి చూస్తారు, ఉద్యోగాల్లో ఎక్కువ భాగం అందులోంచే ఇస్తారు. దానికి గడువు చాలాచోట్ల డిసెంబరు, జనవరుల్లోనే ముగుస్తుంది. ఎల్ఎల్ఎం కోసం సెప్టెంబరులో విమానం దిగిన పిల్ల ఇల్లు వెతుక్కుని, బ్యాంకు ఖాతా తెరిచి, చలికి అలవాటు పడేసరికి సగం గడువులు దాటిపోతాయి. అన్నీ కుదిరి ఎంపికైనా చేరేది రెండేళ్ళ తర్వాత. ఈలోగా చదువు అయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా గడువు రెండేళ్ళు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసుకునేవారికి 18 నెలలే. అసలు సొలిసిటర్ కావడానికి ఎల్ఎల్ఎం అవసరమే లేదు. ఇవాళ మీ చేతికొచ్చిన పట్టా డిగ్రీ షరతుకు సరిపోతుంది. అక్కడికి చేరితే చాలు, ఉద్యోగం దానంతటదే వస్తుందని చెప్పే కన్సల్టెన్సీ మాట నమ్మి పొలం తాకట్టు పెట్టినవాళ్ళు నాకు తెలుసు. ఆ పిల్లలు తెలివిలేనివాళ్ళు కారు. వాళ్ళకు క్యాలెండరు ఎవరూ చెప్పలేదు. చదువుకోవాలని ఉంటే ఎల్ఎల్ఎం చదవండి, అది మంచి చదువు. ఉద్యోగానికి దారి అనుకుని మాత్రం అప్పు చేయకండి.

ఇక దరఖాస్తు. ఫారం ఏ సంస్థదైనా అడిగేవి దాదాపు మూడే: ఈ వృత్తి ఎందుకు, మా సంస్థే ఎందుకు, నిన్నే ఎందుకు తీసుకోవాలి. మన పిల్లల జవాబుల్లో మొదటి పేరా తరచుగా స్తోత్రంతో మొదలవుతుంది. ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన మీ సంస్థలో, అత్యుత్తమ నిపుణుల దగ్గర పనిచేయడం నా చిరకాల స్వప్నం, అని. ఆ పేరాలో సంస్థ పేరు తీసేసి ఇంకో పేరు పెట్టి చదవండి. ఒక్క అక్షరం కూడా తప్పు కాదు. అలాంటప్పుడు అది ఎవరికీ రాయని ఉత్తరమే. ఈమధ్య కృత్రిమ మేధతో రాయిస్తున్నారు. ఇంగ్లీషు నున్నగా ఉంటుంది, చదివినవాడికి ఏమీ గుర్తుండదు.

స్తోత్రం తర్వాత సర్టిఫికెట్లు. మూట్ కోర్టులు, సదస్సులు, ఢిల్లీలో ఇంటర్న్‌షిప్. అసలు సంగతి అట్టడుగున, సిగ్గుపడుతున్నట్టుగా ఒక ముక్కలో ఉంటుంది. తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి దరఖాస్తులో ఆఖరి వాక్యం, స్థానిక న్యాయవాది దగ్గర ఆస్తి వ్యవహారాల్లో సహాయం చేశాను, అని. అంతే. ఇంటర్వ్యూలో నేను దాన్నే పట్టుకుని అడిగాను. మొదట తడబడింది. తర్వాత చెప్పుకొచ్చింది.

ఒక రైసు మిల్లు యజమాని బ్యాంకు అప్పుకు రెండెకరాలు తనఖా పెట్టబోతున్నాడు. బ్యాంకు లీగల్ ఒపీనియన్ అడిగింది. సీనియర్ గారు ముప్పై ఏళ్ళ ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ), లింకు డాక్యుమెంట్లు ఈ అమ్మాయికిచ్చి చూడమన్నారు. ఈసీ శుభ్రంగా ఉంది. అడంగల్‌లో పేరు సరిగానే ఉంది. 1991 నాటి పంపకం దస్తావేజులో మాత్రం అన్నదమ్ములిద్దరి సంతకాలే ఉన్నాయి. వాళ్ళకో చెల్లెలుందని ఇంకో కాగితంలో ఉన్న వంశవృక్షం చెబుతోంది. చెల్లెలి పెళ్ళి ఎప్పుడైందని ఈ అమ్మాయి అడిగింది. 1988లో. పిత్రార్జితంలో కూతుళ్ళకూ కొడుకులతో సమానంగా వాటా ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. ఆనాటికి పెళ్ళికాని కూతురికి అది వర్తిస్తుంది. అంటే ఆ రెండెకరాల్లో చెల్లెలికీ వాటా ఉంది. ఈమె ఆ మాట సీనియర్ గారికి చెప్పింది. చెల్లెలి దగ్గర హక్కు విడుదల దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించేదాకా బ్యాంకు అప్పు ఇవ్వలేదు.

లండన్‌లో ఒక కంపెనీని మరో కంపెనీ కొంటున్నప్పుడు ట్రైనీకి మొదట అప్పగించే పని సరిగ్గా ఇలాంటిదే. వందల ఒప్పందాలు తెరిచి, ఎక్కడ సంతకం లేదో, ఎవరి అనుమతి తీసుకోలేదో, యజమాని మారితే ఏ ఒప్పందం రద్దయిపోతుందో వెతికి ఒక పట్టిక తయారుచేయాలి. అందరూ శుభ్రంగా ఉందన్న ఫైలులో లేనిదేదో కనిపెట్టే మనిషి కావాలి మాకు. ఆ అమ్మాయి ఆ పని అప్పటికే చేసింది, చేసినట్టు రాయడానికి మాత్రం మొహమాటపడింది. ఢిల్లీ ఆఫీసులో ఫోటోస్టాట్లు తీసిన నెలరోజులకు నాలుగు వాక్యాలిచ్చి, దీనికి అర వాక్యం ఇచ్చింది.

మీలో ఎంతమంది ఇళ్ళలో ఇలాంటివి లేవు? నాన్న కౌలు తగాదాలో అర్జీ రాసిపెట్టినవాళ్ళున్నారు. లీగల్ సర్వీసెస్ అథారిటీ శిబిరంలో పింఛను రాని ముసలమ్మ కాగితాలు సరిచేసినవాళ్ళున్నారు. దాన్ని రాయండి. ఏ కాగితం చూశారు, అందులో ఏం తప్పు దొరికింది, మీరేం చేశారు, చివరికేమైంది. పెద్ద మాటలు అక్కర్లేదు. క్లయింటు పేరు, సర్వే నంబరు మాత్రం రాయకూడదు. గోప్యత ఈ వృత్తిలో మొదటి నియమం, దాన్ని దరఖాస్తులోనే తప్పినవాళ్ళను ఎవరూ తీసుకోరు.

వ్యాపార అవగాహన అని ఒకటి అడుగుతారు. దానికోసం లండన్ పత్రికల శీర్షికలు బట్టీ పట్టి వస్తుంటారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం రొయ్యల రైతు ధర పడిపోతుందని భయపడ్డాడు. ఒప్పందం పాత ధరకు కుదిరింది, సరుకు సముద్రం మీద ఉంది, కొత్త సుంకం ఎవరు కట్టాలి? ఎగుమతిదారా, అక్కడి కొనుగోలుదారా? ఒప్పందంలో ఏ షరతు చూడాలి? ఆ షరతు లేకపోతే ఎవరి బేరం బలం ఎంత? దీన్ని ఐదు నిమిషాలు తర్కంతో మాట్లాడగలిగితే అదే వ్యాపార అవగాహన. గోదావరి జిల్లాల వాళ్ళకు ఇది ఇంటి విషయం.

ఆన్‌లైన్ పరీక్ష గురించి ఒక మాట. చాలా సంస్థలు వాట్సన్ గ్లేసర్ అనే తర్క పరీక్ష పెడతాయి. ఒక నమూనా చెబుతాను. ఒక కంపెనీ రెండు శాఖలు మూసేసింది, ఆ ఏడాది లాభం పెరిగింది. శాఖలు మూయడం వల్లే లాభం పెరిగింది అన్న నిర్ధారణ నిజమా, అబద్ధమా, చెప్పడానికి ఆధారం చాలదా? మనకు తోచింది నిజమని టిక్కు పెట్టేస్తాం. ఆధారం చాలదన్నదే జవాబు. ఇచ్చిన కాగితంలో ఉన్నదానికి మించి ఒక్క అంగుళం వెళ్ళకుండా చదవడం ఈ పరీక్ష నేర్పుతుంది, అది జీవితాంతం పనికొస్తుంది. సాధన చేస్తే మార్కులు పెరుగుతాయి కాబట్టి భయం అక్కర్లేదు. ఆ తర్వాత అసెస్‌మెంట్ సెంటర్, అక్కడ బృంద చర్చ. చర్చలో గొంతు పెద్దదైనవాళ్ళకు మార్కులు పడతాయనుకోకండి. పక్కవాళ్ళు చెప్పినదాన్ని విని, దాన్నే ఒక మెట్టు ముందుకు తీసుకెళ్ళేవాళ్ళను మేము రాసుకుంటాం.

ఇంతా చేశాక కూడా చాలామందికి రాదు. కారణం చెప్పకుండా రెండు వాక్యాల మెయిల్ వస్తుంది. దాన్ని మీ యోగ్యత మీద తీర్పుగా తీసుకోకండి. గ్వినెత్ బెబ్ అనే ఆమె ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రం చదివి ఫస్ట్ క్లాసు స్థాయి మార్కులు తెచ్చుకుంది. సొలిసిటర్ పరీక్ష రాయనివ్వమని అడిగితే లా సొసైటీ ఒప్పుకోలేదు. కోర్టుకెళ్ళింది. చట్టంలో వ్యక్తి అన్న మాట ఈ విషయంలో ఆడవాళ్ళకు వర్తించదని 1913లో అప్పీలు కోర్టు తేల్చింది. 1919లో పార్లమెంటు చట్టం మార్చింది. 1922లో క్యారీ మోరిసన్ ఇంగ్లండులో మొదటి మహిళా సొలిసిటర్ అయింది. బెబ్ అప్పటికే, 1921లో, బాలింతగా ఉండగా చనిపోయింది. ఆమెకు లోపించింది యోగ్యత కాదు. ఈ సభలో పట్టాలు తీసుకుంటున్న అమ్మాయిలు ఆ పేరు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

ట్రైనింగ్ కాంట్రాక్ట్ ఇప్పుడు ఏకైక ద్వారం కూడా కాదు. రెండేళ్ళ అనుభవాన్ని నాలుగు సంస్థల వరకు విడగొట్టి చూపవచ్చు. అది ఇంగ్లండులోనే చేయాలని లేదు. హైదరాబాదులో చేసినా, మీ పని తెలిసిన ఇంగ్లండ్, వేల్స్ సొలిసిటర్ ధ్రువీకరిస్తే లెక్కకొస్తుంది. ఇక్కడ బార్ కౌన్సిల్‌లో నమోదై అడ్వకేట్‌గా పూర్తి అర్హత పొందినవారికైతే ఆ రెండేళ్ళ షరతే లేదు, పరీక్ష పాసైతే చాలు. కాబట్టి గుంటూరులోనో వరంగల్‌లోనో మూడేళ్ళు గట్టిగా ప్రాక్టీసు చేసి, మీ సంపాదనతో పరీక్ష రాసి రావడం గౌరవప్రదమైన దారి. నన్నడిగితే, అప్పు చేసి ఎల్ఎల్ఎంకు వెళ్ళడం కన్నా ఎన్నో రెట్లు తెలివైన దారి.

అమ్మానాన్నలకు నా మనవి: పిల్లలకు ఈ ఏడాది రాకపోతే ఇంకో ఏడాది ఇవ్వండి, పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయితో పోల్చకండి. ఇక్కడికొచ్చిన పూర్వ విద్యార్థులకు ఇంకో మనవి. మీలో లండన్ సంస్థల్లో ఉన్నవారు, ముంబైలో ఉన్నవారు, మన హైకోర్టుల్లో ఉన్నవారు, ఏడాదికి ఒక్క జూనియర్ దరఖాస్తు తీసుకుని వాక్యం వాక్యం దిద్ది పంపండి. లండన్ స్కూళ్ళలో చదివిన పిల్లలకు ఆ పని చేసిపెట్టే మామయ్యలు, మేనత్తలు ఇళ్ళలోనే ఉంటారు. మన పిల్లలకు మీరే ఉండాలి.

పట్టభద్రులారా, ఈ వారమే కూర్చుని, మీరు చేసిన ఒక పని గురించి ఒక పేజీ రాయండి. రాసింది మీ గురువుగారికి చూపించండి. దరఖాస్తులు సెప్టెంబరులో మొదలవుతాయి.