లావు అక్షరము: దాని స్వభావము, వినియోగము



పుస్తకమును చదువువాడు అక్షరమును చూడడు, అర్థమును చూచును. అట్లు తాను కనబడకుండుటయే పుస్తకాక్షరమునకు గుణము. దూరమునుండి పిలిచి మనుష్యుని నిలుపవలసిన అక్షరము వేఱు. గోడపత్రికకును, పుస్తకపు అట్టకును అదియే తగును. అట్టివానిలో జర్మనీ దేశమున పుట్టిన 'ఫ్యూచురా' అను రోమను టైపు ప్రసిద్ధము. దాని లావు రూపము మిక్కిలి గమనింపదగినది.

పాల్ రెన్నర్ అను చిత్రకారుడు దీనిని రూపొందింపగా, ఫ్రాంక్‌ఫర్టు నగరమందలి బాయర్ పోతశాల 1927లో విడుదల చేసెను. సామాన్య రోమను అక్షరముల కొనలయందుండు సన్నని అడ్డుగీతలు దీనికి లేవు. 'ఓ' వృత్తము, 'ఏ' త్రిభుజము. వృత్తలేఖినితోను బద్దతోను గీసినట్లే తోచును. తోచుట మాత్రమే! గుండ్రని అక్షరమును తక్కిన వాని యెత్తుననే గీసినచో కంటికి పొట్టిగా కనబడును. కావున దానిని గీతకు రవంత దాటింపవలెను. గుండ్రని కడుపు నిలువుగీతను కలియుచోట నలుపు చేరి మచ్చవలె నుండును. కావున అచట సన్నగింపవలెను. లావు హెచ్చినకొలది ఈ సవరణయు హెచ్చును. కొలబద్దకు తప్పైనది కంటికి ఒప్పగుచున్నది. మఱియొక వింత: పెద్దక్షరముల వెడల్పులను రెన్నర్ ప్రాచీన రోమను శిలాశాసనముల ననుసరించి నిర్ణయించెను. పేరు భవిష్యత్తుది, కొలత పూర్వులది.

లావు చేసినపుడు అక్షరము లోపలి తెల్లని చోటు తఱుగును. తెలుగులోను ఇదే చిక్కు; ఘకార షకారముల సందులు పూడిపోవును. కావున ఒక్క మాటకు, ఒక్క శీర్షికకు అది బలము. పుటయంతయు నింపినచో కంటికి భారము. దస్త్రమున మొత్తమును మాత్రమే దట్టముగా వ్రాయుట లెక్కలు తెలిసినవారి వాడుక. ప్రతి పద్దును అట్లే వ్రాసినచో మొత్తమేదో కానరాదు.

ఈ నల్లని సీసపు ముక్కలకు రాజ్యముతో పని యేమని అడుగవచ్చును. ఆ దినములలో జర్మనీయందు కోణములు విఱిచినట్లుండు గాథిక్ లిపియే స్వజాతీయమనియు, రోమను లిపి పరకీయమనియు గట్టి వాదముండెను. రెన్నర్ మ్యూనిక్ నగరమున ముద్రణ విద్యాలయమునకు అధిపతి. నాజీల సాంస్కృతిక విధానమును ఖండించుచు ఆయన 1932లో వ్రాసిన చిన్న పుస్తకము స్విట్జర్లండులో అచ్చయ్యెను. మఱుసటి యేడు నాజీలు అధికారమునకు రాగానే ఆయనను నిర్బంధించిరి, ఉద్యోగమునుండి తొలగించిరి. చిత్రమేమనగా, ఆ ప్రభుత్వమే 1941 జనవరిలో గాథిక్ లిపిని యూదుల లిపియని నిందించి, రోమను వాడుడని ఆజ్ఞాపించెను. లిపికి మన్నన వచ్చినది గాని, రెన్నరునకు పోయిన ఉద్యోగము తిరిగి రాలేదు.

1969 జూలైలో అమెరికా వ్యోమగాములు చంద్రునిపై విడిచివచ్చిన లోహఫలకమున చెక్కిన మాటలు ఈ ఫ్యూచురా కుటుంబపు పెద్దక్షరములలోనే యున్నవి. రెన్నర్ 1956లోనే కాలధర్మము నొందెను.