మా మేనకోడలు చీనా నాట్యం నేర్చిన సంగతి

(గత ఉగాదినాడు మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాట్యం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. మెట్రిక్ ప్యాసై రైల్వే ఆఫీసులో గుమాస్తాగా ఉన్నవాణ్ణి. కార్యదర్శిగారు వదలకపోబట్టి మా మేనకోడలి సంగతి చెబుతున్నాను. ఆ పిల్ల చిన్నతనంనుంచీ ఈ ఊళ్లోనే కూచిపూడి నేర్చింది. తరువాత డాక్టరు చదువుకు చీనా వెళ్లింది. మన తెలుగు పిల్లలు ఎందరో ఆ చదువుకే అక్కడికి వెళ్లడం మీరెరిగినదే.

అక్కడ సాయంకాలాలు చీనా సంప్రదాయ నృత్యం నేర్పుతుంటే వెళ్లి చేరింది. మొదటిరోజున అలవాటుకొద్దీ పాదం గట్టిగా తట్టిందట. పంతులమ్మ నవ్వుతూ చెవులు మూసుకున్నదట! అక్కడి నడకలో చప్పుడు వినబడరాదు. మడమ ఆనించి, మునివేళ్లమీదికి దొర్లిస్తూ, చిన్న చిన్న అడుగులతో గబగబ సాగాలి. నడుము పైభాగం మాత్రం తలమీద నీళ్లచెంబు ఉన్నట్లు నిలకడగా ఉండాలి. ఇన్నేళ్లు అరమండిలో నిలిచి, గజ్జెలు ఘల్లుమంటేనే విద్య అనుకున్న పిల్లకు అదెంత కష్టమో ఆలోచించండి. నెలరోజులు గదిలో కూర్చుని ఏడ్చానని తరువాత నాతో చెప్పింది. ఊపిరి తీస్తే ఒళ్లు లేవాలి, విడిస్తే కుంగాలి, చేయి ఆ వెనుకనే కదలాలి. ఇది అక్కడి మరో పాఠం.

ఆ పైన చొక్కాచేతుల ఆట. చేతుల చివర తెల్లని పట్టుగుడ్డ పొడుగ్గా కుట్టి ఉంటుంది. దానిని వారు ‘నీటి చేతులు’ అంటారు. మణికట్టుతో విసిరితే అలలాగా పోయి, మళ్లీ మడతలు మడతలుగా చేతిమీదికి రావాలి. ఇది వారి నాటకాలనుంచి వచ్చిన విద్య. 1961లో చనిపోయిన మేయ్ లాన్‌ఫాంగ్ అనే మహానటుడు స్త్రీవేషాలకు ప్రసిద్ధుడు. మన వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను తలచుకోండి, ఆయన ఎటువంటివాడో బోధపడుతుంది.

2020 మొదట్లో సెలవులకని వచ్చిన పిల్ల కరోనావల్ల ఇక్కడే చిక్కుకుపోయింది. 2022 ఆగస్టుదాకా చీనావారు విద్యార్థులకు వీసాలు తెరవలేదు. ఆమె జతి చూసి ఇక్కడి మాస్టారు ‘పాదం చచ్చిపోయిందే’ అన్నారు. ఆ మాటకు మా అక్కయ్య బెదిరిపోయి, ఆ పట్టుగుడ్డలు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. నేనూ అక్కయ్యనే సమర్థించాను. అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఒకనాడు తెల్లవారుజామున నీళ్లతొట్టె చూడడానికి మేడమీదికి వెళ్లాను. ఆ పిల్ల పాత నూలుచీరను రెండుగా చింపి, పిన్నీసులతో చేతులకు గుచ్చుకుని విసురుతోంది. నూలుగుడ్డ ఎగురుతుందా? తిరిగి ముఖంమీదే పడుతోంది. తీసి మళ్లీ విసురుతోంది. నన్ను చూసి ‘మామయ్యా, అమ్మతో చెప్పకు’ అన్నది.

ఆ పూటే అక్కయ్యతో తగవు పెట్టుకున్నాను. జాంగ్ జున్ అనే చీనా నర్తకి మన దేశం వచ్చి భరతనాట్యం నేర్చుకుని బీజింగులో నేర్పింది. ఆమె శిష్యురాలు జిన్ షాన్‌షాన్ 1999లో ఢిల్లీలో అరంగేట్రం చేసింది. వాళ్లు అరమండి పట్టడానికి ఎంత ఏడ్చారో! వాళ్ల అమ్మలూ పెట్టెలకు తాళాలు వేశారా అని అడిగాను. అక్కయ్య పలకలేదు గాని, సాయంకాలానికి తాళంచెవి కిటికీలో కనబడింది. ఆ మాట అన్న తరువాత, 2024 ఆగస్టులో, జిన్ షాన్‌షాన్ దగ్గర నేర్చిన పదమూడేళ్ల పిల్ల మన కళాక్షేత్రంలో చదివిన లీలా శాంసన్‌గారి ఎదుట, బీజింగులోనే అరంగేట్రం చేసింది. ఆ వార్త పత్రికలో చూసి అక్కయ్యే నాకు చదివి వినిపించింది.

పిల్ల చదువు ముగించి వచ్చేసింది. పొద్దున పాదం, సాయంకాలం పట్టుగుడ్డ సాధన చేస్తోంది. మాస్టారు ఇప్పటికీ మెచ్చలేదు, అది ఆయన ఇష్టం. నా తరువాత ఆమె ఈ వేదికమీద రెండూ ఆడుతుంది. మొదట భామ ప్రవేశం, పిమ్మట చీనా నృత్యం. రెండవది ఆడినంతసేపు పంకాలు ఆపించవలసినదిగా కార్యకర్తలను కోరుతున్నాను. గుడ్డ వాటికి చుట్టుకుంటుంది.