వరివేరు, అనావృష్టి, ఒక శిలీంధ్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



బూజు అను మాట చెవిని బడగానే కర్షకుని మనస్సున అనుమానము పుట్టుట సహజము. వరికి అగ్గితెగులు తెచ్చునది ఒక శిలీంధ్రము. పాముపొడ తెగులు తెచ్చునది మరియొకటి. పొట్టకుళ్లు కూడ ఆ జాతి పనియే. తరతరములుగా ఇంత నష్టము చేసిన వంశమున ఒక ఉపకారి కలదనిన వెంటనే నమ్మబుద్ధి కాదు. అయినను అట్టిది కలదు. అది వరివేరును కుళ్లింపదు, చంపదు. వేరులోపల కాపురముండి, మొక్క పెట్టిన తిండికి బదులుగా మట్టిలోని పోషకములను తెచ్చి ఇచ్చును.

ఇట్టి పొత్తు తొలుత లోకమునకు తెలిసిన తీరు వినదగినది. భూమిలో పెరుగు ట్రఫుల్ అను ఖరీదైన శిలీంధ్రమును సాగుచేయు ఉపాయము కనుగొనుమని ప్రష్యా ప్రభుత్వము ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అను వృక్షశాస్త్రజ్ఞుని నియోగించినది. ఆ ఉపాయము ఆయనకు చిక్కలేదు. అడవిచెట్ల వేళ్లకొనలను తొడుగువలె కప్పియున్న వేరొక వింత చిక్కినది. అది రోగము కాదనియు, చెట్టునకును శిలీంధ్రమునకును నడుమ నడచు ఇచ్చిపుచ్చుకొనుట యనియు ఆయన గ్రహించి, 1885లో దానికి మైకోరైజా అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో మైకెస్ అనగా శిలీంధ్రము, రైజా అనగా వేరు.

వరిలో నుండునది ఈ జాతిలో మరియొక తెగ. ఇది వేరుపై తొడుగు వేయక, వేరు కణములలోనికే చొచ్చి, అచట చిన్న చెట్టువలె కొమ్మలు రెమ్మలుగా చీలును. సరకుల మార్పిడి జరుగు అంగడి అదియే. స్కాట్లండులోని రైనీ గ్రామము వద్ద దొరకిన, సుమారు 40 కోట్ల సంవత్సరముల నాటి శిలలలో ఇట్టి చెట్టు ఆకృతులే మొక్కల కణములలో కనబడినవి. ఆ మొక్కలకు నిజమైన వేళ్లు లేవు. వేరు పుట్టకమునుపే వేరుబూజు పుట్టినదన్నమాట!

ఇక అనావృష్టి మాట. 2002వ సంవత్సరము జూలై మాసమున నైరృతి ఋతుపవనము మొగము చాటువేసినది. ఆ నెల దేశమున కురియవలసిన వానలో సగము మాత్రమే కురిసినది. 2001-02లో సుమారు 9 కోట్ల 33 లక్షల టన్నులున్న బియ్యపు ఉత్పత్తి మరుసటి యేడు 7 కోట్ల 18 లక్షలకు దిగజారినది. వరి ఎట్టి పైరనగా, పిలక దశలో కొంత ఎండకు తాళును గాని, పూతదశలో నీరు తప్పినచో గింజ తాలుగా మారును. పిమ్మట ఎంత వాన కురిసినను ఆ వెన్ను తిరిగి నిండదు.

మట్టి ఎండునపుడు వేరునకు వచ్చు ఆపద కేవలము దాహము కాదు. తడి ఆరినకొలది వేరు కుంచించుకొనును, మట్టి బీటలు వారును. రెంటికిని నడుమ గాలి సందు ఏర్పడును. భాస్వరము స్వభావముచేతనే మందగమనము గలది. తడినేలలో సైతము వేరుచుట్టు ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర భాస్వరము తరిగిపోవును. ఎండిననేలలో దాని కదలిక దాదాపు స్తంభించును. ఈ స్థితిలో శిలీంధ్రపు పోగులు అక్కరకు వచ్చును. వీని మందము 2 మొదలు 10 మైక్రాన్ల వరకు, అనగా మిల్లీమీటరులో నూరవవంతును మించదు. పిల్లవేరు దూరలేని మట్టిసందులలో ఇవి దూరును. వేరునుండి కొన్ని సెంటీమీటర్ల దూరమునకు పోయి, గాలి సందునకు వంతెన కట్టి భాస్వరమును తెచ్చును. నీటిని కూడ తెచ్చునా యను విషయమున శాస్త్రజ్ఞులు చిరకాలము వాదులాడిరి. ఒకవిధమగు అడవి ఓటు గడ్డిపై గుర్తుపెట్టిన నీటితో పరీక్షించి, పోగులగుండ నీరు మొక్కను చేరుచున్నదని 2022లో ప్రకటించిరి. పైరు దాహమునకు ఆ నీరు ఎంతవరకు చాలుననునది వేరు ప్రశ్న.

ఈ సేవ ఉచితము కాదు. మొక్క ఆకులలో తయారైన ఆహారమున నూటికి 4 మొదలు 20 పాళ్లవరకు శిలీంధ్రమునకు పోవును. అయినను బేరము గిట్టునని వరి విషయమున ఒక పరీక్ష తెలుపుచున్నది. స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞులు కుండలలో వరిని పెంచి, కొన్నిటికి శిలీంధ్రమును జోడించి, కొన్నిటికి జోడింపక, 15 దినములు నీటి ఎద్దడికి గురిచేసి 2010లో ఫలితములు ప్రకటించిరి. శిలీంధ్రముగల మొక్కల పైభాగపు పచ్చిబరువు రెండవవానికన్న ఇంచుమించు సగమెక్కువ. ఎద్దడిలో ఆకుల కిరణజన్య సంయోగశక్తి నూటికి 40కి పైగా హెచ్చు. కణములకు కలుగు హాని తక్కువ. ఇది కుండలోని మాట. చేనిలో వెన్ను నిండుటకు ఇది హామీ కాదు.

ఇచట ఒక చిక్కు కలదు. ఈ శిలీంధ్రమునకు గాలి కావలెను. దమ్ముచేసి నాట్లు వేసి, మోకాలిబంటి కాకున్నను చీలమండబంటి నీరు నిలిపిన మడిలో అది క్షీణించును. కావున డెల్టా మాగాణిలో వరి ఈ చెలిమి లేకయే పెరుగుటకు అలవాటుపడినది. నీరున్నంతకాలము లోటు తెలియదు. కాలువనీరు ఆలస్యమై పొడిదుక్కిలో విత్తనము ఎదజల్లిన సంవత్సరమునను, మెట్టవరిలోను ఆ అవసరము బయటపడును. అనగా చెలికాని అవసరము వచ్చునాటికి వాడు ఊరిలో మిగిలియుండడు.

ఈ చిక్కును మెట్టవైపునుండి విప్పజూచినవారు ఝార్ఖండులోని హజారీబాగ్ మెట్టవరి పరిశోధన కేంద్రమువారు. ఆ ప్రాంతపు ఎర్రనేలలు ఆమ్లగుణము కలవి, భాస్వరము అందనివి. పైరునకు వానయే ఆధారము. వారు బయటినుండి శిలీంధ్రమును తెచ్చిపోయుటతోనే ఊరుకొనక, నేలలో ఉన్నదానిని బ్రతికించుటెట్లని విచారించిరి. ఇది సజీవమగు వేరులేనిదే వృద్ధిపొందదు. కావున మొక్కజొన్న వేసి, అది కోతకు రాకమునుపే దానిలో ఉలవలు చల్లి, ఆ వరుసలో పిమ్మట వరి వేసి చూచిరి. నేలలో శిలీంధ్రము హెచ్చినది, వరికి భాస్వరము మెరుగుగా అందినది, దిగుబడియు పెరిగినది. పైరులేని కాలమున మాటిమాటికి దున్నుట పోగుల వలను తెంచివేయునని కూడ వారు గుర్తించిరి. పేదవాని పంటయని చులకనగా చూడబడు ఉలవకు ఇట్టి గౌరవము దక్కుట సంతోషింపదగిన విషయము.

ఎరువుల సంచికిని దీనికిని వైరమున్నది. భాస్వరము పుష్కలముగా దొరకినపుడు మొక్క శిలీంధ్రమును పిలువదు. ఆ పిలుపు ఒక రసాయనమని, దానిపేరు స్ట్రైగోలాక్టోన్ అని 2005లో జపాను శాస్త్రజ్ఞులు తెలిపిరి. విచిత్రమేమనగా, జొన్నవేళ్లపై బ్రతుకు స్ట్రైగా అను పరాన్నజీవి కలుపువిత్తనములు కూడ ఆ పిలుపునే విని మొలకెత్తును. అతిథికొరకు తలుపు తీసినచో దొంగయు వచ్చునట్లున్నది.

నేడు అంగడిలో వామ్ అను పేర పొట్లములు అమ్మబడుచున్నవి. ఆంగ్లనామపు పొడి అక్షరములను కూర్చిన పేరది. వంటింటి వాముతో దానికి చుట్టరికము లేదు. రైజోబియమువలె దీనిని సీసాలలో సులభముగా పెంచజాలరు. సాధారణముగా మొక్కజొన్న, జొన్నవంటి పైరుల వేళ్లపై పెంచి, ఆ వేళ్లను మట్టితోసహా పొడిచేసి ఇత్తురు. ఎండలో పడియున్న పొట్లమున బీజములు చచ్చియుండవచ్చును. కొనువానికి కంటితో తెలియదు. వేళ్లను క్షారములో ఉడికించి, నీలిరంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో చూచిననే గుట్టు బయటపడును. కావున పొట్లము కొనువాడు చేనంతటికి ఒక్కమారు ఖర్చుపెట్టుటకంటె, నారుమడిలోనో ఎదపొలపు ఒక చెక్కలోనో వాడి, ప్రక్కచెక్కను వదలి, రెంటి కుప్పలు వేరుగా తూచి చూచుట మేలు. రెండు చెక్కలకును భాస్వరపు ఎరువు ఒకే మోతాదున వేయకున్నచో పోలిక చెడును. విత్తనమునకు శిలీంధ్రనాశిని పట్టించు అలవాటున్నవారు దానిని పొట్లపుపొడితో ఒకేసారి కలుపరాదు.

మాగాణి రైతునకు పొట్లముకంటె ముందు చేతిలోనున్న సాధనము వేరొకటి కలదు. కృష్ణా గోదావరి డెల్టాలలో వరికోతకు ముందు పదనుమీద మినుము, పెసర చల్లు ఆచారము పాతదే. పప్పుకొరకు, పశుగ్రాసముకొరకు చల్లు ఆ గింజల వేళ్లలో, నీరు తీసి గాలి సోకిన మడిలో, ఈ శిలీంధ్రము మరల తలయెత్తగలదు. ఆవ, ముల్లంగి, క్యాబేజీ కుటుంబపు మొక్కలు మాత్రము దీనిని దరిజేరనీయవు. వరి తరువాత అవి వేసిన చెక్కలో ఆ యేటికి దీనికి ఆశ్రయము దొరకదు. వేసవి అంతయు బీడుపెట్టిన చెక్కదియు ఇంచుమించు అదే గతి.