ఒక్క మౌసు, మూడు కంప్యూటర్లు

మొన్న ఒక మిత్రుడు డబ్లిన్‌లో మా ఇంటికొచ్చి, నేను పనిచేసుకునే గది చూసి నవ్వాడు. ఇక్కడి ఇళ్ళలో మేడ మీద 'బాక్స్ రూమ్' అని ఒక బుల్లి గది ఉంటుంది కదా, మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. అందులో మూడు కంప్యూటర్లు, ఒకటే కీబోర్డు, ఒకటే మౌసు. "మిగతా రెండూ ఎలా నడుపుతావురా?" అన్నాడు. ఈవేళ అదే చెబుతాను.

ముందు ఒక తేడా గమనించాలి. కంప్యూటర్లన్నీ కళ్ళెదుటే ఉంటే వాటన్నిటికీ ఒకే కీబోర్డు, మౌసు వాడుకోవడం ఒక పద్ధతి. మౌసు బాణం ఒక తెర అంచు దాటగానే పక్క తెర మీద ప్రత్యక్షమవుతుంది. ఇక్కడ కాపీ చేసిన వాక్యాన్ని అక్కడ అతికించవచ్చు. వేరే గదిలో ఉన్న కంప్యూటరు తెరనే మన ముందుకు రప్పించుకోవడం రెండో పద్ధతి.

మొదటిదానికి 2001లో సినర్జీ అనే ప్రోగ్రాము వచ్చింది. దాని వంశంలోవే ఇప్పటి డెస్క్‌ఫ్లో, ఇన్‌పుట్ లీప్. రెండూ ఉచితమే. విండోస్, మాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తాయి. అన్నీ విండోస్ యంత్రాలే అయితే మైక్రోసాఫ్టు వారి పవర్‌టాయ్స్‌లో మౌస్ వితౌట్ బోర్డర్స్ ఉంది, నాలుగు కంప్యూటర్ల దాకా కలుపుతుంది. కొత్త మాక్‌లలో 2022 నుంచి యూనివర్సల్ కంట్రోల్ ఉండనే ఉంది.

డెస్క్‌ఫ్లోలో కీబోర్డు తగిలించిన యంత్రమే సర్వరు, మిగతావి క్లయింట్లు. చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఏ తెర ఎడమ, ఏది కుడి అన్నది సర్వరులో బొమ్మ గీసినట్టు చెప్పాలి. సర్వరు ఐపీ అడ్రసు మారకుండా రౌటరులో స్థిరంగా కేటాయించండి, లేకపోతే ఏదో ఒక సోమవారం పొద్దున మౌసు అంచు దగ్గరే ఆగిపోతుంది. ఇంకోటి, సినర్జీ తొలి రూపాల్లో ఎన్‌క్రిప్షన్ ఉండేది కాదు. మీరు కొట్టే ప్రతి అక్షరం, బ్యాంకు పాస్‌వర్డుతో సహా, నెట్‌వర్కు మీద బట్టబయలుగా వెళ్ళేది. ఇప్పుడు టీఎల్ఎస్ ఉంది. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

వైఫై మీద బాణం నత్తనడక నడిస్తే సాఫ్టువేరుని తిట్టకండి. ఇక్కడి గోడల్లో చలి ఆపడానికి పెట్టే బోర్డుల వెనక అల్యూమినియం రేకు ఉంటుంది, అది సంకేతాన్ని కూడా ఆపేస్తుంది. నేను పది మీటర్ల తీగ లాగాను. మా ఆవిడ వారం రోజులు సణిగింది, అది వేరే సంగతి.

రెండో పద్ధతికి వీఎన్‌సీ, రిమోట్ డెస్క్‌టాప్ ఉన్నాయి. విండోస్ హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటరులోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో ప్రవేశించలేం, ప్రో ఉండాలి. నేను చేసిన తెలివితక్కువ పని ఇక్కడే. 2019 డిసెంబరులో గుంటూరు వెళ్తూ, అక్కణ్ణించి ఇంటి కంప్యూటరు అందుకుందామని రౌటరులో 3389 పోర్టు తెరిచి వెళ్ళాను. తిరిగొచ్చి లాగ్ చూస్తే ఒళ్ళు జలదరించింది. ఎవరెవరో 'అడ్మినిస్ట్రేటర్' పేరుతో రాత్రింబవళ్ళు తలుపు తడుతున్నారు! పాస్‌వర్డు పెద్దది కాబట్టి బతికిపోయాను.

ఒక్క యంత్రం చేజారితే ఏమవుతుందో 2021లో ఈ దేశమంతా చూసింది. ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ హెచ్.ఎస్.ఇ.లో మార్చి 18న ఎవరో ఈమెయిలుతో వచ్చిన ఎక్సెల్ ఫైలు తెరిచారు. దుండగులు ఆ ఒక్క కంప్యూటరు నుంచి మెల్లగా పాకి, ఎనిమిది వారాల తర్వాత, మే 14న తాళాలు బిగించారు. ఆసుపత్రులు కాగితం, కలం పట్టాల్సి వచ్చింది. అక్కడ దారి ఈమెయిలు, నా దగ్గర పోర్టు. లోపలికొచ్చాక పాకడం మాత్రం ఒకటే. నా మూడు కంప్యూటర్లూ ఒకదాన్నొకటి నమ్మేటట్టు కట్టుకున్నవే కదా.

ఆ పోర్టు మూసేసి వైర్‌గార్డ్ పెట్టుకున్నాను. తాళంచెవి లేనివాడు ఎంత తట్టినా అది అసలు పలకదు. ఊరెళ్ళినప్పుడు ముందు దాని ద్వారా ఇంటి నెట్‌వర్కులోకి వచ్చి, ఆ తర్వాతే రిమోట్ డెస్క్‌టాప్.

మా మిత్రుడు వెళ్తూ వెళ్తూ, "ఆఫీసు లాప్‌టాప్‌ని కూడా కలిపేస్తే?" అన్నాడు. వద్దన్నాను. కంపెనీ అనుమతి లేకుండా అందులో ఇవేవీ ఎక్కించకండి. దానికి కేవీఎం స్విచ్ అని చిన్న డబ్బా దొరుకుతుంది. మీట నొక్కితే కీబోర్డు, మౌసు అటు మారతాయి, నెట్‌వర్కుతో పనే లేదు. నా బల్ల మీద అదీ ఒకటుంది. సెలవు.