రోగి పక్కన మేలుకున్న మనిషి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మందులకు, డయాలసిస్‌కు, ఆపరేషన్లకు ఈ ఏడాది మన సొసైటీ చేసిన సాయం లెక్కలు ఇప్పుడే విన్నారు. ఆ లెక్కల్లో కనిపించని ఒక మనిషి గురించి రెండు మాటలు చెబుతాను. రోగి మంచం పక్కన రాత్రంతా మేలుకొని ఉండే మనిషి గురించి.

మా అబ్బా పక్షవాతంతో మూడేళ్లు మంచం మీద ఉన్నారు. పడక పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని డాక్టరు చెప్పారు. పగలైనా, రాత్రైనా అంతే. ఆ పని అమ్మీ చేసేది. చూడ్డానికి వచ్చినవాళ్లు అబ్బా ఎలా ఉన్నారని అడిగి, "సబర్ చెయ్యండి, సవాబ్ దొరుకుతుంది" అని చెప్పి, ఆమె ఇచ్చిన చాయ్ తాగి వెళ్లేవారు.

ఒకరోజు ఫజర్ వేళ అమ్మీ జానమాజ్ మీద కూర్చుని ఏడుస్తోంది. రాత్రి అబ్బాను కసురుకుందట. "అల్లాహ్ ఈయన్ని తీసుకెళ్తే బాగుండును అనిపించింది బేటా. నా అంత పాపిష్టిది ఉందా?" అంది. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. ఊళ్లో రోగుల కోసం ఏటా చందా ఇస్తున్నవాణ్ణి, మా ఇంట్లో ఒక్క రాత్రి ఇవ్వలేదు.

అది పాపం కాదు, అలసట. నెలల తరబడి సరైన నిద్ర లేకపోతే ఎంత ప్రేమ ఉన్నవాళ్లకైనా విసుగు, కోపం, దిగులు వస్తాయి. అలాంటివాళ్లకు సబర్ గురించి మనం చెప్పక్కర్లేదు. ముందు వాళ్లను పడుకోనివ్వాలి.

రోగి సేవకు మన దీన్‌లో ఉన్న విలువ చిన్నది కాదు. హిజ్రీ 2వ సంవత్సరం, బద్ర్ యుద్ధ సమయం. దైవప్రవక్త (స) కుమార్తె రుఖయ్యా (రజి) జబ్బుపడ్డారు. ఆమె భర్త హజ్రత్ ఉస్మాన్ (రజి)ను ప్రవక్త (స) ఆమె దగ్గరే ఉండమన్నారు. బద్ర్‌కు వెళ్లినవారితో సమానంగా ఆయనకూ వాటా ఇచ్చారు.

సేవకు విలువ ఉన్నట్టే, దానికి ఒక హద్దూ ఉంది. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడుపుతున్న అబూ దర్దా (రజి)ను సల్మాన్ ఫారసీ (రజి) ఆపి పడుకోమన్నారు. నీ ప్రాణానికి, నీ ఇంటివాళ్లకు కూడా నీ మీద హక్కు ఉందన్నారు. సల్మాన్ చెప్పింది నిజమేనని ప్రవక్త (స) అన్నారు. ఇబాదత్‌లోనే విశ్రాంతికి చోటుంటే, సేవలో ఉండదా?

ఆ రోజు నుంచి నేనూ తమ్ముడూ వంతులు వేసుకున్నాం. మొదటి రాత్రి అమ్మీ పక్క గదిలో పడుకుని కూడా రెండు గంటలకోసారి లేచి వచ్చింది. కంటినిండా నిద్రపోవడానికి వారం పట్టింది. తర్వాత అబ్బాతో మళ్లీ నవ్వుతూ మాట్లాడింది.

మీకు మూడు విన్నపాలు. రోగిని పరామర్శించడానికి వెళ్తే, సేవ చేసేవారిని కూడా "తిన్నారా, నిద్రపోయారా?" అని అడగండి. రెండు గంటలు మీరు కూర్చుని వాళ్లను లేపి పంపండి. ఇంట్లో మగపిల్లలు ఉండగా ఈ భారమంతా భార్య మీదో, కోడలి మీదో వదిలేయకండి. ఇక మూడోది సొసైటీకి: మందుల ఖర్చుతో పాటు, మనిషి తోడు లేని ఇళ్లకు నెలలో కొన్ని రాత్రులు ఆయాను పెట్టే ఖర్చు కూడా ఇద్దాం.

దిగులు వారాల తరబడి తగ్గకపోతే, బతకాలనిపించకపోతే డాక్టరును కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అల్లాహ్ మన రోగులకు షిఫాను, వారి పక్కన మేలుకున్నవారికి ఆఫియత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.