పందికొక్కు పేరు సముద్రం దాటింది

ఇంగ్లీషులోని బాండికూట్ మన పందికొక్కే. ఇంగ్లీషు నిఘంటువులు దాన్ని తెలుగు మాటగానే చూపుతాయి. పందికి దగ్గరి మాట తమిళంలోనూ ఉంది కదా, అక్కడినుంచే వెళ్లి ఉండవచ్చుగా అని ఎవరైనా అడగవచ్చు. పంది ఒక్కటే వెళ్లి ఉంటే ఆ సందేహానికి చోటుండేది. వెళ్లింది కొక్కుతో కలిసిన సమాసం. ఆ కూర్పు తెలుగుది. పందిలా గురగురమంటూ, పందిలాగే నేల పెళ్లగించే ఆ పెద్ద ఎలుకకు మన పల్లెజనం ఎంత చక్కగా గమనించి పేరు పెట్టారో!

18వ శతాబ్దం చివరికి ఈ పేరు ఆస్ట్రేలియా చేరింది. పొడుగు ముక్కుతో నేల తవ్వే మరో జంతువును చూసి ఇంగ్లీషువాళ్లు దానికీ ఇదే పేరు పెట్టారు. అది ఎలుక జాతి కానే కాదు. కంగారూలా కడుపు సంచిలో పిల్లల్ని పెంచుతుంది. కనుక ఆ పేరు తప్పంటే, శాస్త్రరీత్యా ఒప్పుకోవలసిందే. కానీ మనవాళ్లు పేరు పెట్టింది వంశం లెక్కగట్టి కాదు, నడవడి చూసి. ఆ నడవడి అక్కడా ఉంది. వాడుక ఇంకా ముందుకు వెళ్లింది. ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బాండికూట్ క్రియ కూడా అయింది: పైన మొక్క కదలకుండా కిందనుంచి బంగాళాదుంపలు కాజేయడం అని దానికి అర్థం. వేరుశనగ చేను వేసిన మన రైతుకు ఆ క్రియను ఎవరూ వివరించనక్కర్లేదు.